వెబ్‌సైటు నిర్మాణము, నిర్వహణము : కోనసీమ ప్రారంభకుల కొఱకు

వెబ్‌సైటు అనగా ఒక పేరు క్రింద చేరి, లింకులచే ఒండొంటితో ముడివడి, ప్రపంచమున ఏ మూలనున్నవారికైనను, ఏ వేళనైనను, సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో దర్శనమిచ్చెడి పుటల సముదాయము. ఇది నిలుచుటకు మూడు వస్తువులు ఆవశ్యకములు: జనులు పిలుచుటకు డొమైను అనబడు పేరు, పుటలు వసించుటకు రేయింబవళ్లు పనిచేయుచుండెడి సర్వరుపై కొంత చోటు, ఆ పుటలయందు చెప్పదగిన విషయము. మొదటి రెండును వెలకు దొరకును. మూడవదానిని యజమానియే సమకూర్చుకొనవలెను. ఐనను క్రొత్తగా వెబ్‌సైటు పెట్టదలచువారు మొట్టమొదట అడుగునది రంగులను గూర్చియు, కదలెడి బొమ్మలను గూర్చియు నగుచుండుటయే ఈ వ్యాసమునకు హేతువు.

గోదావరి శాఖలైన గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ శాఖ మధ్యగా ప్రవహింపగా, బంగాళాఖాతము వఱకు వ్యాపించిన కోనసీమ, 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా యైనది. అంబాజీపేట కొబ్బరి విపణి, బండారులంక చేనేత, ఆత్రేయపురము పూతరేకులు, అంతర్వేది, అయినవిల్లి, అప్పనపల్లి దేవాలయములు, దిండి విహారస్థలము, ఇవి యన్నియు పరస్థలములవారు వెదకి తెలిసికొనగోరెడి విషయములు. అంతేకాక, రాజోలు మొదలగు ప్రాంతములనుండి కువైటునకును ఇతర గల్ఫుదేశములకును జీవనార్థము వెడలినవారును, హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో ఉద్యోగములు చేయుచున్నవారును పెక్కురు. కావున ఇక్కడ వెలయు వెబ్‌సైటునకు పాఠకుడు పొరుగు వీధివాడు కాక, పని ముగించుకొని రాత్రివేళ సెల్‌ఫోను చేతబట్టిన పరదేశవాసి యగుట తఱచు సంభవించును. దిగువ సలహాలు ఆ పాఠకుని తలచుకొని చెప్పబడినవి.

పూర్వరంగము

జెనీవా చెంతనున్న సెర్న్ అను పరమాణు పరిశోధనాలయమున 1989లో టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన పద్ధతి, 1991లో లోకమునకు వెల్లడియై, 1993 ఏప్రిల్ 30వ తేదీన ఎట్టి రుసుమును లేక సర్వజనులకును విడిచిపెట్టబడెను. ఆ విడిచిపెట్టుటయే వెబ్బు వ్యాప్తికి ప్రధానకారణమని చెప్పవచ్చును. భారతదేశమున 1995 ఆగష్టు 15వ తేదీన విదేశ సంచార నిగమము సామాన్యులకు ఇంటర్నెట్ సౌకర్యమును కల్పించెను. తెలుగువారిలో ఈ సాధనమును ముందుగా చేపట్టినవారు ప్రవాసులు. 'ఈమాట' అను సాహిత్యపత్రిక 1998లోనే వెబ్బునందు వెలువడెను. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవచే తెలుగు వికీపీడియా ప్రారంభమయ్యెను.

ఆ తొలినాళ్లలో తెలుగు వెబ్‌సైట్లను పీడించిన వ్యాధి యొకటి నేటికిని అమలాపురము, రావులపాలెముల డీటీపీ దుకాణములలో సజీవముగా నున్నది గనుక, దానిని కొంత వివరింపవలెను. అప్పటి దినపత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటును వాడెడివి. ఆ ఫాంటు పాఠకుని యంత్రములో లేనిచో తెలుగు అక్షరములకు మారుగా రోమను అక్షరములును, అర్థములేని గుర్తులును కానవచ్చెడివి. వెదకుయంత్రములకు ఆ పుటలలో ఒక్క తెలుగు మాటయు చిక్కెడిది కాదు. ప్రపంచ లిపులన్నింటికిని స్థిరసంఖ్యల నిచ్చు యూనీకోడు 1991లోనే తెలుగునకు చోటు కేటాయించినను, సామాన్యుని కంప్యూటరులో అది ఆచరణలోనికి వచ్చినది 2001లో విండోస్ ఎక్స్‌పీ తనతోకూడ ఒక తెలుగు ఫాంటును తెచ్చిన పిమ్మటనే. ఆ ఫాంటు పేరు 'గౌతమి'. కోనసీమవారు తమ యేటి పేరును కంప్యూటరులో చూచి సంతోషింపవచ్చును. అనంతరము పాత ఫాంటులనుండి యూనీకోడునకు మార్చెడి 'పద్మ' అను సాధనమును వెన్న నాగార్జునయే రచించెను. రోమను అక్షరములు కొట్టినచో తెలుగు వచ్చునట్లు వీవెన్ అనువారు 'లేఖిని' అను సాధనమును రూపొందించిరి.

ఇంత జరిగినను, నేడు ఒక దేవాలయ కార్యనిర్వాహకుడో దుకాణదారుడో కరపత్రము అచ్చొత్తించిన దుకాణమునకుబోయి, 'ఇదే వెబ్‌సైటులో పెట్టుడు' అని కోరినచో, ఆ పత్రము పేజ్‌మేకరులో 'అను' అనెడి యూనీకోడు కాని ఫాంటుతో కూర్చబడినదగుటచే, ఆ పాఠమును తిన్నగా తెచ్చి అతికించుట అసాధ్యమగును. అప్పుడు అవలంబింపబడు సులభోపాయము కరపత్రము బొమ్మను యథాతథముగా పుటపై నిలుపుట. ఇది కంటికి నిండుగా నుండును గాని, కువైటులో నున్న భక్తుడు 'అంతర్వేది కల్యాణము ఎప్పుడు' అని తెలుగులో వెదకినపుడు ఆ పుట వానికి దొరకుట దైవాధీనము. చూపులేనివారికి పుటలను చదివి వినిపించు సాధనములకు ఆ బొమ్మ మౌనమే. సెల్‌ఫోను తెరపై పెద్దదిగా చేసి చూచినను అక్షరములు అలుక్కుపోవును. కరపత్రములోని పాఠమును యూనీకోడులో మరల టైపుచేయించుట, లేదా నమ్మకమైన పరివర్తకముచే మార్పించి తప్పులు దిద్దించుట ఒకపూట పని. ఆ పూటకు కూలి యిచ్చుటకు వెనుదీయుటకంటె అవివేకము వేఱొకటి లేదు.

పేరు

డొమైను పేరును శాశ్వతముగా కొనుట సాధ్యము కాదు. ఏటేటనో, గరిష్ఠముగా పదేండ్లకొకసారియో రుసుము చెల్లించుచు దానిని నిలుపుకొనవలెను. 'డాట్ ఇన్' పేర్లను నిక్సీ అను సంస్థ నిర్వహించుచుండగా, 2005లో అవి సామాన్యులకు సులభముగా లభించునట్లు నియమములు సడలింపబడినవి. పేర్లు అమ్మువారు మొదటి సంవత్సరమునకు స్వల్పమూల్యము చూపి, రెండవ సంవత్సరమునుండి హెచ్చు వసూలుచేయుట ఆ వ్యాపారపు రివాజు; కావున కొనుటకు ముందు చూడవలసినది పునరుద్ధరణ రుసుమే గాని ప్రారంభ రుసుము కాదు.

మన మాటలను రోమను లిపిలో వ్రాయునపుడు కలుగు చిక్కు ఇక్కడ ఎదురగును. పూతరేకులు అను మాటలో 'పూ'ను కొందరు ఒక్క 'యు'తోను, కొందరు రెండు 'ఓ'లతోను వ్రాయుదురు. 'త'ను కొందరు 'టీ'తో ముగింపగా, మఱికొందరు 'హెచ్'ను చేర్తురు. కోనసీమలోని 'సీ'కి రెండు 'ఈ'లా, ఒక్క 'ఐ'యా యను వివాదమును అట్టిదే. రాజోలునకు ప్రభుత్వపత్రములలో 'జెడ్' వాడుకయగుట తెలియనివాడు 'జే' కొట్టును. ఫోనులో ఒకసారి విన్నంతనే అవతలివాడు తప్పులేక టైపు చేయగల చిన్న పేరును ఎన్నుకొనుట, ధనము చాలినచో రెండవ వర్ణక్రమమును గూడ కొని దానిని మొదటిదానికి మళ్లించుట ఉచితము. పూర్తిగా తెలుగు లిపిలో 'డాట్ భారత్' పేరును గూడ పొందవచ్చును. కాని యంత్రములు దానిని లోలోపల 'ఎక్స్ ఎన్' అను అక్షరములతో మొదలగు రోమను ముసుగులోనికి మార్చుకొనుచుండుటచేత, వాట్సాపు సందేశములలోను ఈమెయిలులోను కొన్నిచోట్ల ఆ ముసుగే బయటపడి చూచువానికి అనుమానము పుట్టించును. దీనిని రెండవ ద్వారముగా ఉంచుకొనుట మేలు.

వీని కన్నింటికంటె ముఖ్యమైనది, పేరు ఎవరి పేర నమోదైనది యను ప్రశ్న. వెబ్‌సైటు పెట్టుటకు పూనుకొన్న సంస్థలో కంప్యూటరు తెలిసినవాడు మేనల్లుడో, శిష్యుడో, పొరుగు దుకాణపు కుఱ్ఱవాడో యగును, వాడు సదుద్దేశముతోనే తన ఈమెయిలును, తన సెల్‌ఫోను నెంబరును ఇచ్చి పేరు కొనును, రెండేండ్లలో వానికి హైదరాబాదులో కొలువు దొరకును, నెంబరు మారును, గడువు ముగియుచున్నదని, పేరు అమ్మిన రిజిస్ట్రారు పంపు హెచ్చరికలు ఎవ్వరును తెఱువని పెట్టెలో పేరుకొనును, గడువును, దాని తరువాతి అనుగ్రహకాలమును, పిమ్మట హెచ్చు రుసుముతో విడిపించుకొనదగు కాలమును గడచిన మీదట ఆ పేరు అంగడిలో పడి, దానిని ఎవరైనను కొనవచ్చును. అట్లు జాఱిన పేర్లపై జూదపు ప్రకటనలు వెలయుట వింతకాదు. దేవాలయము పేరునకు ఆ గతి పట్టినచో కలుగు అపఖ్యాతి వర్ణింపనక్కఱలేదు. పొలము కొని పట్టా పాలికాపు పేర వ్రాయించుకొన్నట్టిదే ఈ పని. కావున సంస్థకు ప్రత్యేకముగా ఒక ఈమెయిలు తెఱచి, దానిపేరనే డొమైను నమోదుచేసి, పాస్‌వర్డును కనీసము ఇద్దరు బాధ్యులకు తెలియునట్లు భద్రపఱచి, గడువు తేదీని సంస్థ లెక్కల పుస్తకమున మొదటి పుటలో వ్రాసి పెట్టుకొనవలెను. ఓటీపీ వచ్చు నెంబరు సంస్థవారి చేతిలోనే యుండవలెను.

చోటు

ఇంటిలోని కంప్యూటరునే సర్వరుగా మార్చుకొందమను ఉబలాటము కొందరు యువకులకు కలదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కొబ్బరితోటలను నేలమట్టము చేసిన సీమలో, గోదావరి వరదలకు లంకగ్రామములు ఏటేట మునిగెడి సీమలో, కరెంటును నమ్మి ఆ పనికి దిగుట తగదు. అద్దెచోటు కొద్ది ధరకే లభించును.

ఆ చోటులో పుటలను రెండు విధములుగా ఉంచవచ్చును. ముందే సిద్ధపఱచిన పుటలను ఉన్నవున్నట్లు పంపునది స్థిరపద్ధతి. అడిగినపుడెల్ల డేటాబేసునుండి పుటను కూర్చి యిచ్చునది రెండవది. మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు 2003లో వెలువరించిన వర్డ్‌ప్రెస్ ఈ రెండవ తెగలోనిది. ప్రపంచపు వెబ్‌సైట్లలో అయిదింట రెండు వంతులకు పైగా నేడు దానిపై నడచుచున్నవని అంచనా. అది వాడుటకు సులభము, నేర్పువారును ఎల్లెడల దొరకుదురు. కాని దానిని, దానికి తగిలించిన ప్లగిన్లు అను అదనపు పనిముట్లను ఎప్పటికప్పుడు అప్‌డేటు చేయకున్నచో దొంగలు చొఱబడుదురు. ఏడాదికి నాలుగుసార్లు మారెడి విషయముగల గ్రంథాలయమునకో, చిన్న దేవాలయమునకో స్థిరపుటలే చాలునని ఈ వ్యాసకర్త అభిప్రాయము; అనుదినము సరకు మారెడి వస్త్రదుకాణమునకు వర్డ్‌ప్రెస్ వంటిది తగును. ఏ పద్ధతియైనను 'హెచ్‌టీటీపీఎస్' రక్షణ యుండి తీరవలెను. 2018 నుండి క్రోము బ్రౌజరు ఆ రక్షణ లేని పుటలను 'సురక్షితము కాదు' అని చూపుచున్నది. దానికి వలయు ధ్రువపత్రమును 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' సంస్థ ఉచితముగా నొసగుచున్నది గనుక దానికై వేఱుగ వేలకొలది రూపాయలడుగు, అద్దెచోటు నిచ్చు హోస్టింగువారిని కారణమడుగుట తప్పుగాదు.

పుటలు

ఆత్రేయపురమున పూతరేకులు చేయు కుటుంబమొకటి వెబ్‌సైటు పెట్టదలచినదనుకొందము. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, బియ్యపుపిండి జావలో ముంచిన గుడ్డను కుండపై ఒక్క వేటున పఱచి తీయగా రేకు నిలుచు విధమును చూపు ఛాయాచిత్రము చక్కనిదే. కాని కొనువాడు తెలిసికొనగోరునది అది కాదు. పంచదారవా, బెల్లమువా, జీడిపప్పు బాదముపప్పు వేసినవా, నెయ్యి ఏది, పెట్టెకు ఎన్ని, తూకమెంత, ఎన్నాళ్లు నిలువయుండును, కొరియరులో విరుగకుండ ఎట్లు ప్యాకింగు చేయుదురు, ఏ యూళ్లకు పంపుదురు, చేరుటకు ఎన్నిరోజులు పట్టును, విఱిగిన యెడల ఏమి చేయుదురు: ఇవి ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు ఉత్తరములు మొదటి పుటలోనే, బొమ్మలకు పైన, అక్షరరూపమున ఉండవలెను. ఫోనులో రోజునకు పదిమంది అడుగు ప్రశ్నలను వారము దినములు కాగితముపై వ్రాసికొన్నచో వెబ్‌సైటునకు కావలసిన పాఠము తనంత తానే సిద్ధమగును. ఇంతకు మించిన రచనాశిక్షణ లేదు.

ఆహారపదార్థము విక్రయించువారు ఆహారభద్రతా సంస్థయైన ఎఫ్ఎస్ఎస్ఏఐ యిచ్చు పదునాలుగంకెల సంఖ్యను, 2020 నాటి వినియోగదారుల రక్షణ నియమముల ననుసరించి తమ అసలు పేరును, చిరునామాను, ఫిర్యాదు వినువారి వివరములను తెలుపవలెను. ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ముద్రను వాడుకొనుటకు 1999 నాటి చట్టము క్రింద అధికృత వినియోగదారుడుగా నమోదుకావలెనే గాని, ఊరు అదేయైనంత మాత్రమున దానిని పుటపై అంటించుట చెల్లదు.

ఫోను నెంబరును బొమ్మలో కాక అక్షరములలో, ముందు ప్లస్ గుర్తుతో తొంబదియొకటి చేర్చి వ్రాయవలెను. అట్లు వ్రాసిన నెంబరును కువైటులో నున్నవాడు వ్రేలితో నొక్కినంతనే ఫోను కలియును, లేకున్న వాడు ఆ దేశపు నెంబరుగా తిప్పి విసుగుచెందును. అచటి గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుకబడియుండును గనుక దుకాణము పనివేళలను 'భారతకాలమానము' అని చెప్పి వ్రాయుట మఱవరాదు.

కొబ్బరి ధరవంటి దినదినము మారు విషయమును పుటపై పెట్టదలచు అంబాజీపేట వర్తకుడు ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనవలసినది, దీనిని ప్రతి ఉదయమును ఎవరు మార్తురు అని. మార్చువాడు లేనిచో ధర వ్రాయుటకంటె, ధర కొఱకు ఫోను చేయుడని వ్రాయుట గౌరవము. మార్చువాడున్నచో ప్రతి ధర ప్రక్కను తేదీ ఉండి తీరవలెను.

దేవాలయముల వారికి తేదీలే ప్రాణము. అంతర్వేదిలో కల్యాణము మాఘశుద్ధ దశమి రాత్రియు, రథోత్సవము భీష్మైకాదశినాడును జరుగును. తిథి స్థిరమైనను ఆంగ్లతేదీ ఏటేట మాఱును. తిథిని మాత్రమే వ్రాసినచో హైదరాబాదు భక్తుడు సెలవు పెట్టుకొనలేడు. నిరుటి తేదీ నిలిచిపోయినచో వాడు వృథాగా వచ్చి తిరిగిపోవును. తిథియు, తేదీయు, సంవత్సరమును కూడ వ్రాసి, ఉత్సవము ముగియగానే రాబోవు సంవత్సరపు తేదీని ఎక్కించుట పద్ధతి. ఇట్టి పుటకు ఏటేట క్రొత్త వెబ్ చిరునామా కల్పింపరాదు. ఉదాహరణమునకు, కోనసీమలోని జగ్గన్నతోటలో కనుమనాడు ఏకాదశ రుద్రుల ప్రభలు కూడు తీర్థమును గూర్చి ఒకే చిరునామాలో పదేండ్లు నిలిచిన పుటను వెదకుయంత్రములు ఆదరించును, ఇతరులు ఇచ్చిన లింకులును చెడవు. చిరునామాలు మార్చరాదని బెర్నర్స్-లీ 1998లోనే ప్రత్యేకముగా వ్యాసము వ్రాసియున్నాడు.

తెలుగు అక్షరములు, ఛాయాచిత్రములు

తెలుగు పుటలో ముందుగా పాఠము యూనీకోడు వ్రాతవిధమైన యూటీఎఫ్-8 అనియు, భాష తెలుగనియు కోడులో ప్రకటింపవలెను; రెండు చిన్న పంక్తుల పని. ఆంగ్లమునకు తగిన అక్షరప్రమాణము తెలుగునకు చాలదు. వత్తులు క్రిందికి దిగుటచేతను, గుడులు పైకి లేచుటచేతను, పంక్తుల నడుమ ఎడము అక్షర పరిమాణమునకు ఒకటిన్నర రెట్లకు పైబడి యుండవలెను. లేకున్న 'స్త్ర్యాది' వంటి మాటల కాళ్లు తెగి క్రింది పంక్తిలో పడును. అమెరికాలోని సిలికానాంధ్ర వారి కృషిచే మండలి, రామభద్ర, గిడుగు మొదలగు ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. వానిలో మండలి చదువుటకును, రామభద్ర శీర్షికలకును అనువైనవి. ఒక పుటలో రెండింటికి మించి వాడుట ప్రదర్శనమే యగును.

యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. 'కోనసీమ' అను మాటలో గుణింతపు గుర్తులతోకూడ ఆఱు సంకేతములు, అనగా పదునెనిమిది బైట్లు. సెల్‌ఫోనుతో తీసిన ఛాయాచిత్రమొకటి నాలుగు మెగాబైట్లున్నచో అది పదమూడు లక్షల తెలుగు సంకేతములంత బరువు. బండారులంక చీర అంచును చూపగోరి అట్టి చిత్రములను ఇరువదింటిని ఒకే పుటలో చేర్చినచో, సిగ్నలు పలుచనైన చోట ఆ పుట తెఱచుకొనుటకు ముందే చూచువాడు వెడలిపోవును. చిత్రమును రెండువందల కిలోబైట్లలోపునకు తగ్గించి, చీర రంగు మాఱకుండ పగటివెలుతురులో తీసి, ప్రతి చిత్రమునకును 'ఎఱ్ఱ అంచు తెల్లచీర, పమిట' అని ఒక వర్ణనవాక్యమును జతపఱుపవలెను.

కాపుదల

వెబ్‌సైటు ప్రతి ఒకటి హోస్టింగువాని వద్ద, ఒకటి సంస్థ కంప్యూటరులో, ఒకటి జిల్లాకు వెలుపల వేఱొకచోట ఉండవలెను. బ్యాకప్పు ఉన్నదని చెప్పుట వేఱు, దానినుండి వెబ్‌సైటును తిరిగి నిలిపి చూచుట వేఱు. రెండవది చేసి చూడనివానికి మొదటిది ఉన్నట్లు లెక్కకాదు. నిర్వాహకుని పాస్‌వర్డు ఊరిపేరో, దైవము పేరో కాక, పొడవైనదిగా నుండి, రెండంచెల ధ్రువీకరణ కలిగియుండవలెను.

2022 మే 24వ తేదీన జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురమున అల్లర్లు చెలరేగగా ఇంటర్నెట్ సేవలు నిలుపబడి, పలు మండలములలో పది దినములకు పైగా పునరుద్ధరింపబడలేదు. ఇంటినుండి పనిచేయు సాఫ్టువేరు ఉద్యోగులు సిగ్నలును వెదకుకొనుచు జిల్లా పొలిమేరలకు పోవలసివచ్చెను. అట్టి సమయమున దూరపు సర్వరులోని వెబ్‌సైటు లోకమునకంతటికిని కనబడుచునే యుండును, దాని యజమానికి మాత్రము కనబడదు. ఆర్డర్లు వచ్చుచుండును, ఉత్తరమిచ్చువాడుండడు. అందుచే జిల్లాకు వెలుపలనున్న నమ్మకస్తుడైన బంధువునకో మిత్రునకో, 'ప్రస్తుతము ఆర్డర్లు స్వీకరింపబడవు' అను వాక్యమును పుటపై ఎక్కించునంత అధికారమును ముందే యొసగి ఉంచుట మంచిది. తుపాను కాలమునను ఈ యేర్పాటు అక్కఱకు వచ్చును.

ఎందరు చూచిరను లెక్క ప్రారంభకులను మిక్కిలి మోహపెట్టును. దానికంటె ఉపయోగకరమైనది గూగులు సెర్చి కన్సోలు అను ఉచితసాధనము చూపెడి మాటల పట్టిక. జనులు ఏ మాటలతో వెదకి మన పుటకు వచ్చిరో అది తెలుపును, ఆ మాటలకు మన పుటలో ఉత్తరము లేనిచో వ్రాయవచ్చును. మూణ్ణెల్ల కొకసారి ఇంటిలో కంప్యూటరు తెలియని పెద్దవారికి ఫోను ఇచ్చి, 'మన దుకాణమునకు దారి కనుగొనుడు' అని కోరి, ప్రక్కన మాటాడక కూర్చుండి చూచినచో లోపములు మఱింత త్వరగా బయటపడును.

ఏ కారణముననైనను వెబ్‌సైటును మూయవలసి వచ్చినపుడు పేరును హఠాత్తుగా వదలక, మఱి యొకటి రెండేండ్లు రుసుము చెల్లించి, మూసితిమను ఒక్క పుటను నిలుపుట మర్యాద. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ తన వేబ్యాక్ మెషీనులో బహిరంగపుటలను అడిగినంతనే చాలవఱకు భద్రపఱచును. గ్రామచరిత్రలను, దేవాలయ శాసనపాఠములను, గ్రంథాలయ పట్టికలను పుటలకెక్కించిన కోనసీమవారు ఆ పుటల చిరునామాలను ఒక్కొక్కటిగా అచట సమర్పింప ప్రార్థన; దానికి రుసుము లేదు.